ఎడమ మడమ

ఆ రోజు పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోయింది. తూర్పున మబ్బు గట్టు కట్టినట్టు పేరుకుని ఉంది. దాని అంచు ఎండ తగిలి తెల్లబడడం, అంతలోనే మసకబారడం. గాలి లేదు. పెరట్లో తీగ మీద ఆరేసిన దుప్పట్లు బరువుగా వేలాడుతున్నాయి. వాన పడితే వ్యాను రాదు. పడకపోతే మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది. రెండిట్లో ఏది కోరుకోవాలో తెలియక ఆమె వంటింటి గుమ్మం పట్టుకుని చాలాసేపు పైకి చూస్తూ నిలబడింది.

వ్యాను వచ్చేది బొమ్మల కోసం. పెద్ద ఊళ్ళో కొత్తగా నాట్యశాల కట్టారు. దాని గోడలకి ఆమె భర్త ఇన్నేళ్ళుగా వేసిన నాట్యం బొమ్మలు కావాలని అడిగారు. ఒకటీ అరా కాదు, అన్నీ. వెళ్తే వెళ్ళినట్టే, మళ్ళీ ఇంటికి రావు. ఆయన సరేనన్నాడు. సరేనన్నా కాదన్నా ఆయనది ఒకే గొంతు. ఆ సరే వెనక సంతోషం ఉందో బాధ ఉందో ఎవరికీ అంతుపట్టలేదు. ఆమె కూడా సరేనంది. అంది గానీ, ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఆ బొమ్మల్లో తను ఉందో లేదో ఆమెకి ఇప్పటికీ తెలియదు. అవి గడప దాటిపోతే ఇక తెలిసే దారి కూడా ఉండదు.

చాలా ఏళ్ళ కిందట, కాళ్ళు చెప్పిన మాట వింటున్న రోజుల్లో, ఏదో పత్రిక నుంచి ఒక పెద్దమనిషి ఇంటికి వచ్చాడు. గోడకి ఆనించిన బొమ్మ ముందు అటూ ఇటూ తిరిగి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, "ఈ నాట్యం చేస్తున్నది ఎవరండీ?" అని అడిగాడు. ఆమె టీ కప్పులు పట్టుకుని తలుపు దాకా వచ్చి ఆగింది. తన పేరు చెప్తాడని ఆగింది.

"ఎవరూ కాదు," అన్నాడు ఆయన. "ఇందులో మనిషి లేదు. తీసేశాను."

ఆమె లోపలికి వెళ్ళి టీ ఇచ్చింది. చక్కెర సరిపోయిందా అని అడిగింది. ఖాళీ కప్పులు తెచ్చి కడిగి బోర్లించింది. ఆ మాటని మాత్రం కడగలేకపోయింది. అది పంటి సందున ఇరుక్కున్న పీచులా అక్కడే ఉండిపోయింది. ఎన్నోసార్లు అడుగుదామనుకుంది. అడిగితే, ఆ ఒక్క గొంతుతోనే, "అవును" అంటాడేమోనని అడగలేదు.

నిజానికి మొదట్లో ఆయన కూడా అందరిలాగే మనిషిని గీసేవాడు. కళ్ళు, ముక్కు, వేళ్ళు, ఆమె కట్టుకునే ఎర్ర పావడా మడతలు. ఆ బొమ్మల్లో ఆమె ఫొటో స్టూడియోలో ఊపిరి బిగబట్టి నిలబడ్డ దానిలా ఉండేది. "కదలట్లేదు," అని ఆయనే గొణుక్కుని గుడ్డతో తుడిచేసేవాడు. ఆ తర్వాత ఒక్కొక్కటీ పోతూ వచ్చాయి. ముందు కళ్ళు పోయాయి. తర్వాత వేళ్ళు. ఒక చలికాలంలో తల మొత్తం పోయింది. ఆఖరికి పావడా ఎరుపు ఒక్కటే మిగిలింది. గోడలకి రంగు వేసే వెడల్పాటి కుంచె తీసుకుని, కాన్వాసు ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క ఊపున లాగిన ఎర్రటి చార. అది నేలబారున మొదలై, మెలి తిరిగి, లేచి, వాలి, మళ్ళీ తిరిగి, కుడివైపు అంచు దాటి ఎటో వెళ్ళిపోయేది. చూసినవాళ్ళు కళ్ళు తిరుగుతున్నట్టుందని మెచ్చుకునేవారు. ఆమె పక్కనే నిలబడి వినేది. ఆ ఎరుపు తన పావడాదే. ఆ తిరగడం తనదే. కానీ ఎర్ర పావడా కట్టి తిరిగిన వాళ్ళు లోకంలో ఎంతమంది లేరు.

వాన పడలేదు. ఆమె గుమ్మం వదిలి లోపలికి వచ్చింది.

ముందు గదిలో చెల్లెలు అప్పటికే పనిలో పడింది. సాయం చేస్తానని ముందురోజే బస్సు దిగింది ఆవిడ. ఒళ్ళు చేసింది, జుట్టు నెరిసింది, నోరు మాత్రం పదహారేళ్ళప్పుడు ఎక్కడుందో అక్కడే ఉంది. పాత దుప్పట్లు చింపి, బొమ్మలు చుట్టి, పురికొసతో కడుతోంది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని చట్రాల మూలలు సరిచూసుకుంటున్నాడు.

"బావా, ఒక మాట అడుగుతా, ఏమనుకోకు," అంది చెల్లెలు ముడి పళ్ళతో బిగించి. "ఇన్నేళ్ళలో మా అక్క మొహం గీయడానికి నీకు రంగే దొరకలేదా?"

"మీ అక్క మొహం ఇంట్లోనే ఉందిగా. రోజూ చూస్తున్నాను."

"చూసే ఉంటే గీసేవాడివి. భయమేసి తీసేసుంటావు."

"నీది గీయమంటే చెప్పు, గీస్తాను. గేటుకి తగిలిస్తే కుక్కలు రావు."

"విన్నావా అక్కా? పండక్కో పబ్బానికో ఒక మాట ఊడిపడుతుంది మీ ఆయన నోట్లోంచి. అది కూడా నన్ను తిట్టడానికే."

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఆయన వైపు చూసింది. చెల్లెలు వేళాకోళానికి అడిగిన ప్రశ్నకి నిజమైన జవాబేమైనా జారుతుందేమోనని. ఆయన చట్రం మీద దుమ్ము ఊదుకున్నాడు.

ఆ గది నేల అంతా చెక్క పలకలే. అవి మామూలు పలకలు కావు. అక్కాచెల్లెళ్ళిద్దరూ వయసులో ఉన్నప్పుడు నాట్యం నేర్చుకున్న పాత హాలువి. ఆ హాలు పడగొట్టేటప్పుడు ఆయన వెళ్ళి, మేకులు పీకి, బండి మీద వేసుకొచ్చి ఇక్కడ పరిచాడు. ఎందుకని ఆమె అడగలేదు. చెక్క గట్టిది, అందుకేననుకుంది. చాకిరీ చేసిన చెయ్యిలా అవి అక్కడక్కడ అరిగి నున్నబడి ఉంటాయి. వానాకాలంలో ఇప్పటికీ వాటిలోంచి పాత సుద్ద వాసన వస్తుంది.

ఆయన్ని ఆమె మొదట చూసింది కూడా ఆ పలకల మీద నిలబడే. ఆయన అప్పుడు గోడలకి రంగులు వేసేవాడు. హాలు గోడలకి రంగు వేయడానికి వచ్చి, నిచ్చెన మీద నుంచి దిగడమే మర్చిపోయాడు. అప్పట్లో కాళ్ళు జారకుండా నేల మీద సుద్దపొడి చల్లేవారు. మాష్టారు కర్రతో దిమ్మ మీద కొడుతుంటే ఆడపిల్లలంతా తలుపు దగ్గర మొదలై, తిరుగుతూ తిరుగుతూ కిటికీ దాకా వెళ్ళాలి. అక్కాచెల్లెళ్ళు ఎప్పుడూ పక్కపక్కనే. మాష్టారు వాళ్ళని "జోడెడ్లు" అనేవాడు. "జోడెడ్లు వచ్చాయా? అయితే దున్నండి," అనేవాడు.

పెద్దెద్దుకి ఒక లోపం ఉండేది. చిన్నతనంలో చెల్లెల్ని చంకనేసుకుని మెట్లు దిగుతూ ఆమె జారిపడింది. చంకలోని పిల్లకి గీత కూడా పడలేదు. ఆమె ఎడమ చీలమండ విరిగింది. అతుక్కుంది గానీ, గబగబా తిరిగేటప్పుడు ఆ మడమ నేల వదలడానికి రవ్వంత బద్ధకించేది. "ఎడమ కాలు ఎక్కడ తప్పిపోయిందమ్మా? వెళ్ళి వెతుక్కురా," అనేవాడు మాష్టారు, అందరి ముందూ. ఆమె ఒక వేసవంతా, ఊరు లేవకముందే లేచి, పెరట్లో ఒక్కతే తిరిగి తిరిగి ఆ కాలుని దారికి తెచ్చుకుంది. ఆ తర్వాత మాష్టారు మళ్ళీ ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఆమె జీవితంలో ఎవరి సాయం లేకుండా గెలిచింది ఏమైనా ఉంటే అదొక్కటే. దాని గురించి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే లోపం ఉండేదని చెప్పినట్టేగా.

అందుకే ఇప్పుడు మోకాళ్ళు అరిగి, లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తున్నా, ఆమెకి పెద్ద దిగులు లేదు. ఆడినన్నాళ్ళు సరిగ్గా ఆడాను కదా అనుకునేది.

"చెక్క ముక్కలు తెచ్చుకొస్తా," అని లేచాడు ఆయన. కొత్త బొమ్మ ఇంకా ఆరలేదు. దుప్పటి దానికి అంటుకోకుండా నాలుగు మూలలా సన్న చెక్క ముక్కలు కొట్టాలి. వడ్రంగి ఇల్లు వీధి చివరే. ఆయన చెప్పులేసుకుని వెళ్ళాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.

అంతసేపూ ముందు గదిలో చెల్లెలు ఒక్కతే ఉంది.

ఆయన తిరిగొచ్చి చెక్క ముక్కలు కింద పెట్టిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది. తర్వాత సుత్తి చప్పుడు వినిపించాలి. వినిపించలేదు. ఆమె చేతులు తుడుచుకుంటూ వెళ్ళి చూసింది. ఆయన కొత్త బొమ్మ ముందు వంగి, ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తున్నాడు.

"ఇక్కడ ఏమైంది?"

"ఏమైంది?" అంది చెల్లెలు. "కిందవైపు రంగు కారి గడ్డ కట్టింది. అత్తారింటికి పోయేటప్పుడు పెళ్ళికూతురికి ముక్కు తుడిచినట్టు ఆ నూనె గుడ్డతో నేనే తుడిచాను. బాగుచేశాననవా?"

ఆయన నిటారుగా లేచి వెనక్కి జరిగాడు. రంగుల పెట్టె మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. ఆయన మౌనాలన్నీ ఆమెకి తెలుసు. పనిలో ఉన్న మౌనం, ఆకలి మౌనం, ఎవరైనా చుట్టాలు వస్తే ఉండే మౌనం. ఇది వాటిలో ఏదీ కాదు.

"ఏమండీ, ఒక్క చుక్క రంగేగా. మళ్ళీ పెట్టేయండి," అంది ఆమె.

"చుక్క కాదు."

"మరి?"

ఆయన తల ఎత్తలేదు. "నీ మడమ."

పొయ్యి మీద ఎసరు మరుగుతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

"నా మడమేంటి?"

"ఎడమది. ఆలస్యంగా లేచేది."

ఆమెకి ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చినట్టయింది. "అది ఎప్పుడో సరైపోయింది. పెళ్ళికి ముందే. ఒక వేసవంతా చేసి దాన్ని దిద్దుకున్నాను. మాష్టారు కూడా ఆ తర్వాత ఏమీ అనలేదు."

ఆయన మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం వింతేమీ కాదు. చెల్లెలు మాట్లాడలేదు. పురికొస ఉండ చేతిలో అటూ ఇటూ తిప్పుతూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నోరు ఊరుకోని మనిషి ఊరుకుంటే గది ఎంత ఖాళీ అవుతుందో ఆమెకి అప్పుడు తెలిసింది.

"ఏమే? నీకేమైంది?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే ఇటు చూసి చెప్పు."

చెల్లెలు ఇటు చూసింది. "అది సరికాలేదక్కా. నేను ఆగేదాన్ని."

"ఆగడమేంటే?"

"నీ పక్కనేగా తిరిగేది. నీ కాలు ఆగినచోట నా కాలు కూడా ఆపేదాన్ని. ఒకళ్ళు ఆగితే తప్పు. ఇద్దరం ఒక్కలాగే ఆగితే మాష్టారు అది మన పద్ధతే అనుకున్నాడు. తర్వాత్తర్వాత మిగతా పిల్లలకి కూడా, 'జోడెడ్లు చూడండి, అక్కడ ఎలా నిదానిస్తున్నారో' అని చెప్పేవాడు. నీకు గుర్తులేదూ?" పురికొస వేలికి చుట్టుకుంది. "ఇందాక ఆ గడ్డ ఏంటో నాకు తెలిసీ తుడవలేదు. చూశాను, చెయ్యి దానంతటదే వెళ్ళింది. నీ ఎడమ కాలు కప్పడం దానికి అలవాటు."

ఆమె తన ఎడమ కాలి వైపు చూసుకుంది. కోపం రావాలి. వచ్చింది కూడా. దాని వెనకే, వేసవంతా ఒక్కతే చీకట్లో తిరిగిన ఆనాటి తన మీద జాలి వచ్చింది. ఎవరికీ తెలియదనుకున్నది పక్కన ఆడిన పిల్లకీ, నిచ్చెన మీది మనిషికీ తెలుసు. తనకే తెలియలేదు.

"మీకెలా తెలిసింది?" అని అడిగింది ఆయన్ని.

"పైనుంచి చూశాగా. మీరంతా వెళ్ళిపోయాక నేల మీద సుద్దలో గీతలుండేవి. అందరివీ నున్నగా గుండ్రంగా ఉండేవి. ఒక్కచోట పొడి కాస్త కుప్పగా తోసి ఉండేది, మడమ నిలబడిపోయినట్టు." చేత్తో గాల్లో చిన్న కుప్ప చూపించాడు. "ఎవరిదా అని మర్నాడు మళ్ళీ చూశాను."

"ఎన్నాళ్ళు చూశావేంటి బావా?" అంది చెల్లెలు.

"గోడలు అయ్యేదాకా."

"అందుకేనా ఆ గోడలు ఎంతకీ అవలేదు. మాష్టారు నిన్ను తిట్టని తిట్టు లేదు."

ఆమె వాళ్ళ మాటలు వినట్లేదు. గోడ వెంట నిలబెట్టిన బొమ్మల దగ్గరికి వెళ్ళింది. చెల్లెలు కష్టపడి కట్టిన ముళ్ళు ఒక్కొక్కటే లాగి, దుప్పట్లు కిందికి దించింది. మొదటిది. ఎర్రచార నేలబారున మొదలై, లేచే ముందు, ఎడమవైపు కింద, రంగు ఒకచోట చిక్కబడి ఉంది. కుంచె అక్కడ ఊపిరి పీల్చుకున్నట్టు. రెండోది. అక్కడా ఉంది. ఇన్నేళ్ళూ ఆ బొమ్మల మీద దుమ్ము దులిపింది తనే. ఆ గడ్డల మీదుగా ఈకల చీపురు ఎన్నిసార్లు తిప్పిందో. రంగు ఎక్కువైందనుకునేది. గోడలకి వేసే చెయ్యి కదా, మోటు చెయ్యి అనుకునేది. ఒక్కో బొమ్మ దాటుతూ గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. ప్రతిదాంట్లోనూ ఉంది. తల తీసేసిన చలికాలం నాటిది, కాన్పు తర్వాత లావైనప్పటిది, మోకాలు మొదటిసారి పట్టేసిన ఏటిది. మొహం ఎక్కడా లేదు. మడమ అన్నిట్లోనూ ఉంది.

ఆఖరి దాని దగ్గర, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"మరి ఆ పత్రికాయనతో మనిషిని తీసేశానని ఎందుకన్నారు?"

ఏ పత్రికాయన అని ఆయన అడగలేదు.

"ఆయన టీ తాగడానికి వచ్చాడు. ఆయనకి నిన్నెందుకు చూపించాలి?"

చెల్లెలు నోటికి పురికొస ఉండ అడ్డం పెట్టుకుంది.

ఆమె ఇంకా గోడ వైపే ఉంది. కళ్ళు తుడుచుకోవడానికి చేతికి దొరికిన గుడ్డ తీసుకుంటే అది నూనె గుడ్డ. మొహాన ఎర్రటి చార పడింది.

వ్యాను వచ్చే వేళవుతోంది. కొత్త బొమ్మలో ఎడమవైపు కింద నున్నగా, తుడిచిన పళ్ళెంలా ఉంది.

"పెట్టేయండి మరి," అంది ఆమె. "పాతవాటిలో చూసి పెట్టండి."

"చూసి రాసినట్టుంటుంది. మరకవుతుంది."

"ఇప్పుడు నేను ఆడట్లేదుగా. దీన్ని ఎలా వేశారు?"

"పొద్దున్నే బట్టలు ఆరేసి ఖాళీ బకెట్టు పట్టుకుని గుమ్మంలో లోపలికి తిరుగుతావు. అక్కడ వస్తుంది అది."

ఆమె వంటింటి గుమ్మం వైపు చూసింది, అక్కడ ఇంకెవరో నిలబడి ఉన్నట్టు. తర్వాత చేతులు దులుపుకుంది. "అయితే చల్లండి సుద్ద."

కాన్వాసుకి పూత వేయడానికి ఉంచుకున్న సుద్దపొడి డబ్బా తెచ్చి ఆయన పలకల మీద చల్లాడు. కోళ్ళకి గింజలు చల్లినట్టు, మణికట్టు తిప్పుతూ. పాత హాలులో చల్లేవాళ్ళు కూడా అలాగే చల్లేవారు. తర్వాత గోడ వారనున్న నిచ్చెన తెచ్చి ఎక్కబోయాడు.

"ఆ వయసులో నిచ్చెనేంటి బావా? పడితే నిన్ను కూడా దుప్పట్లో చుట్టి పంపాలి."

"నువ్వు పట్టుకో."

"నిన్ను పట్టుకోనా, అక్కని పట్టుకోనా?"

ఆయన రెండు మెట్లెక్కి, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

ఆమె ఇంట్లో తొడుక్కునే చెప్పులు విడిచి తలుపు దగ్గర నిలబడింది. సుద్ద చల్లగా అరికాళ్ళకి తగిలింది. మోకాలు పట్టుకుని ఒక చుట్టు తిరిగింది. సుద్దలో గీత నున్నగా, గుండ్రంగా పడింది. ఆయన పైనుంచి తల అడ్డంగా తిప్పాడు. మళ్ళీ తిరిగింది. మడమని కావాలని ఆపింది. ఈసారి అది మరీ ఎక్కువగా, బురదలో దిగబడ్డట్టు పడింది.

"నటిస్తున్నావు," అన్నాడు ఆయన.

"ఇన్నేళ్ళూ రావద్దంటే వచ్చింది. ఇప్పుడు రమ్మంటే రాదు." ఆమెకి నిజంగానే ఏడుపొచ్చేలా ఉంది. వేసవంతా చీకట్లో నేర్పిన పాఠం కాలు ఇప్పుడు అప్పజెబుతోంది.

చెల్లెలు చెప్పులు అవతలకి విసిరి, ఆయన తెచ్చిన చెక్క ముక్కల్లోంచి ఒకటి తీసుకుంది. వచ్చి పక్కన నిలబడి, అక్క నడుం చుట్టూ చెయ్యి వేసింది. రెండో చేతిలోని చెక్క ముక్కతో తలుపు మీద టక్కుమని కొట్టింది. మాష్టారు గొంతు పెట్టింది, ముక్కుతో మాట్లాడే ఆ గొంతు.

"జోడెడ్లు వచ్చాయా? పెద్దెద్దు మేత బాగా తిన్నట్టుంది. చిన్నెద్దు దానికన్నా ఎక్కువ తిన్నట్టుంది. కానివ్వండి. దున్నండి."

ఆమె పక్కున నవ్వింది. నవ్వుతూనే కాలు లేచింది. చెల్లెలు నోటితో వేసే తాళానికి ఇద్దరూ తిరిగారు, బరువుగా, ఒకరి మీద ఒకరు వాలుతూ, పాత పలకలు కిర్రుమంటుంటే. ఆమెకి హాలు కిటికీలు కనిపించాయి. చెమట పట్టిన ఆడపిల్లల జడలు, కొత్త రంగు వాసన, పైన నిచ్చెన మీద ఎవరో కుర్రాడు. ఎవరు చూస్తున్నారో, ఏ కాలు ఎక్కడుందో ఆమెకి గుర్తులేదు. పక్కన చెల్లెలి కాలు రవ్వంత ఆగడం మాత్రం తెలిసింది. అప్పుడు కూడా ఇలాగే ఆగేది కదా, ఎలా తెలియలేదు నాకు అనుకుంది. కిటికీ దగ్గరికి వచ్చి ఇద్దరూ గోడ పట్టుకుని ఆగారు. ఆయాసం, నవ్వు, మోకాలి నొప్పి, మూడూ కలిసిపోయాయి.

ఆయన నిచ్చెన దిగి, నేల మీద ఒకచోటికి వచ్చి వంగాడు. రెండు గీతలు పక్కపక్కనే వచ్చి, రెండూ ఒకేచోట పొడిని కుప్పగా తోశాయి. పెద్దది ఒకటి, దాని పక్కనే చిన్నది. ఆయన చాలాసేపు చూశాడు. లేచి కుంచె తీసుకున్నాడు. రంగు ముంచి, అంచుకి ఆనించి వార్చి, బొమ్మ ముందు ఊపిరి బిగబట్టి, ఒక్కసారి నొక్కి తీశాడు. తర్వాత, ఇదివరకు ఏ బొమ్మలోనూ లేనిది, దాని పక్కనే కుంచె మూలతో ఇంకో చిన్న గుర్తు పెట్టాడు.

చెల్లెలు చూసింది. ఏదో వేళాకోళం ఆడబోయి, నోరు తెరిచి, మూసుకుంది.

వ్యాను డ్రైవరు మంచివాడు. ఒక్కో బొమ్మని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకెళ్ళాడు. ఆరని బొమ్మ దగ్గర మాత్రం ఆగి, కింద వేలు పెట్టబోయి, "ఇక్కడ రంగు ఎక్కువైనట్టుందండీ," అన్నాడు.

"ముట్టుకోకు," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

వ్యాను మలుపు తిరిగేదాకా ఆమె గేటు దగ్గరే ఉంది. అది కనిపించకుండా పోయాక కూడా ఇంజను చప్పుడు కాసేపు వినిపించి, వీధి చప్పుళ్ళలో కలిసిపోయింది. వెళ్తే వెళ్ళాయి అనుకుంది. అనుకున్నంత మాత్రాన గుండె తేలికపడలేదు గానీ, పీచు మాత్రం పంటి సందులోంచి పోయింది. పైన మబ్బు విడిపోయి, ఎండ తెరలు తెరలుగా దిగుతోంది. దుప్పట్లు ఆరిపోయి ఉంటాయి.

ముందు గదిలో గోడల మీద, బొమ్మలున్నచోట, పాత రంగు తెల్లగా చదరాలు చదరాలుగా మిగిలింది. నేల మీద సుద్ద అలాగే ఉంది. చీపురు తెద్దామని వంటింటి దాకా వెళ్ళిన ఆమె, చీపురు ముట్టుకోకుండా కంచాలు తెచ్చింది.

అన్నం అడుగంటింది. బఠాణీల కూర చల్లారిపోయింది. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ముందు గది నుంచి బల్ల దాకా తెల్లటి అడుగులు వరసగా వచ్చి, మూడు కుర్చీల కింద ఆగాయి. మాడిన అన్నం కాస్త ఆయన తన కంచంలోకి తీసుకుని, బాగున్నది ఆమె వైపు జరిపాడు. చెల్లెలు నీళ్ళు పోసింది. ఆమె మొహాన ఎర్ర చార అలాగే ఉంది, ఎవరూ చెప్పలేదు. మూడు కంచాల చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంది.